వూట్జ్ అనే మాటది ఏ ఊరు?

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ జిల్లాల పేర్లతో ఒక సందేశం వాట్సాప్‌లో తరచూ తిరుగుతూ ఉంటుంది. డమాస్కస్ కత్తులుగా పేరుపడ్డ కత్తులకు ఉక్కు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం నుంచి వెళ్లిందనీ, దాన్నే ఇంగ్లిషువాళ్లు ‘వూట్జ్’ అన్నారనీ, ఆ మాట మన తెలుగు ‘ఉక్కు’ నుంచే పుట్టిందనీ దాని సారాంశం. ఇదే సందేశం బెంగళూరుకు చేరేసరికి ‘ఉక్కు’ కన్నడమవుతుంది. చెన్నైకి చేరేసరికి ‘ఉరుక్కు’ అనే తమిళ పదంగా మారుతుంది. సంస్కృతం నుంచి పుట్టిందనేవారూ ఉన్నారు. అందరూ ఒకే ఇంగ్లిషు పదాన్ని పట్టుకొని తలొకవైపు లాగుతున్నారు.

ఆ సందేశంలో నిజానికి రెండు వేర్వేరు వాదాలు ఒకదానికొకటి అతుక్కొని ఉన్నాయి. సరుకు ఎక్కడ తయారైందన్నది మొదటిది. దాని పేరు ఎక్కడ పుట్టిందన్నది రెండోది. మొదటిదానికి రుజువు చిట్టెం (ఇనుము తీయగా మిగిలే మడ్డి) దిబ్బల్లో, లోహాన్ని కరిగించే మట్టి పాత్రలైన మూసల పెంకుల్లో, వ్యాపారుల రాతల్లో దొరుకుతుంది. రెండోదానికి రుజువు ధ్వనుల్లో, నిఘంటువుల్లో, ఒక పాత వ్యాసం శీర్షికలో వెతుక్కోవాలి. ఒకదాని రుజువు రెండోదానికి పనికిరాదు. ఈ తేడా మనసులో పెట్టుకొని చూస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

ముద్ద వేరు, ఉక్కు వేరు

ముందుగా వస్తువేమిటో తెలియాలి. ఇనుములో కలిసిన కర్బనం పాళ్లను బట్టి దాని స్వభావం మారుతుంది. కర్బనం దాదాపు లేకుంటే, అంటే 0.1 శాతం కన్నా తక్కువగా ఉంటే, అది మెత్తని ఇనుము: వంగుతుంది, సాగుతుంది, కానీ పదును నిలవదు. 2 శాతం దాటితే పోత ఇనుము: గట్టిదే కానీ సమ్మెట దెబ్బకు పగులుతుంది. ఈ రెండింటికీ నడుమ ఉండేది ఉక్కు. వూట్జ్ అని పిలిచే రకంలో కర్బనం సుమారు 1 నుంచి 2 శాతం దాకా, అంటే ఉక్కు హద్దుల్లో పైఅంచున ఉంటుంది.

పాతకాలపు కొలిమిలో బొగ్గు మంట ఎంత రాజేసినా స్వచ్ఛమైన ఇనుము కరగదు. అది కరగడానికి 1538 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావాలి. అందుకే ముడిరాయి నుంచి తీసిన ఇనుము నీరుగా కాక, చిట్టెం కలిసిన ముద్దగానే బయటికి వచ్చేది. ఉత్తర తెలంగాణలో ఆ పని చేసినవారిని ‘ముద్ద కమ్మరులు’ అన్నది అందుకే. ఇలా వచ్చిన ఇనుమును ముక్కలు చేసి, ఆకులో కట్టెలో కలిపి మట్టి మూసలో పెట్టి, మూతి మూసి, గంటల తరబడి కొలిమిలో ఉంచితే లోపలి ఇనుము కర్బనాన్ని పీల్చుకుంటుంది. కర్బనం ఎక్కినకొద్దీ ఇనుము కరిగే ఉష్ణోగ్రత దిగివస్తుంది. చివరికి మూసలో ఉన్నదంతా నిజంగానే కరిగి, చిట్టెం పైకి తేలి, అడుగున శుభ్రమైన లోహం మిగులుతుంది. (ఒకే అచ్చులో పోసినట్టుండే రచనను నేడు ‘మూస రచన’ అని తీసిపారేస్తాం కానీ, ఆ మూసలో ఎంత విద్య ఉందో కమ్మరులను అడగాలి.)

1800 ప్రాంతంలో మైసూరు రాజ్యంలో పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్, అక్కడి మూసల్లో ఇనుముతో పాటు తంగేడు కట్టె పెట్టేవారని రాశాడు. బతుకమ్మలో పేర్చే, నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పమైన తంగేడే అది.

ఈ తయారీ విధానాన్ని ఇంతసేపు చెప్పడానికి కారణం ఉంది. ముద్దగా వచ్చేది ఇనుము, కరిగి వచ్చేది ఉక్కు అన్న తేడా పనివారికి కంటికి కనిపించే తేడా. పేరు ఆ తేడాను పట్టుకొనే పుట్టి ఉంటుందా అన్నది తర్వాత చూద్దాం.

1795: మాట అచ్చులోకి వచ్చిన సందర్భం

బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు, లండన్‌లోని రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు ఒక రకం ఉక్కు నమూనాలను పంపించాడు. వాటిని పరీక్షించిన జార్జ్ పియర్సన్ 1795లో సొసైటీ పత్రికలో వ్యాసం ప్రచురించాడు. ‘బొంబాయిలో తయారై, అక్కడ వూట్జ్ అని పిలవబడే ఒక రకం ఉక్కు’ అని ఆ వ్యాసం శీర్షికలోనే ఉంది. ఇంగ్లిషులో ఈ పదానికి తొలి ఆధారంగా నిఘంటువులు చూపేది దీన్నే. కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్, కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1820 ప్రాంతంలో ఈ ఉక్కు రహస్యం కోసం ప్రయోగాలు చేయడంతో ఆ పేరు రసాయనశాస్త్రంలో స్థిరపడిపోయింది.

ఆ శీర్షికను ఒకసారి నిదానంగా చదవాలి. బొంబాయి ఈ ఉక్కును ఎగుమతి చేసిన రేవు. తయారైంది దక్షిణాది లోపలి ఊళ్లలో. సరుకు పుట్టిన చోటు విషయంలో పొరపడిన శీర్షిక, పేరు విషయంలో మాత్రం పొరపడి ఉండదని నమ్మడం కష్టం. ఇంకొకటి: బొంబాయిలో మాట్లాడే మరాఠీలో ఉక్కుకు ‘పోలాద్’ అంటారు. ఇది పారసీకంలోని ‘పులాద్’. మన ప్రాంతపు ఉర్దూలో వినిపించే ‘ఫౌలాద్’ కూడా ఆ కుటుంబానిదే. స్కాట్‌కు బొంబాయి బజారు మాటే అంది ఉంటే ఇంగ్లిషులో ‘పోలాద్’ అనో అలాంటిదేదో నిలవాలి. అలా జరగలేదు. అంటే సరుకుతో పాటు దాని ఊరి పేరు కూడా మూటలో కట్టుకొని వచ్చిందని అనుకోవడానికి వీలుంది. నా దృష్టిలో దక్షిణాది మూలానికి ఇది గట్టి సాక్ష్యమే, అయినా సందేశాల్లో దీన్ని ఎవరూ ప్రస్తావించరు.

ముందున్న ‘డబ్ల్యు’ సంగతి

ఇంగ్లిషు పదం డబ్ల్యు, రెండు ఓలు, టి, జెడ్‌లతో రాస్తారు. ‘ఉక్కు’ నుంచి ఇది వచ్చిందనాలంటే రెండు చోట్ల జవాబు చెప్పాలి: మొదట్లో ‘వ’ ఎక్కడిది? చివర ‘క్కు’ పోయి ‘ట్జ్’ ఎలా వచ్చింది?

మొదటిది తేలిక. పదం ఉ, ఊ, ఒ, ఓ లతో మొదలైతే మన నోట వకారం ఛాయ పలుకుతుంది. ఊరు ‘వూరు’ అవుతుంది, ఒకటి ‘వొకటి’ అవుతుంది. పాత అచ్చు పుస్తకాల్లో ‘వుప్పు’, ‘వుత్తరం’ అనే రాసేవారు. రైల్వే బోర్డు మీద, దస్తావేజుల్లో ఉయ్యూరు, ఒంటిమిట్ట ఇంగ్లిషులో ‘వి’ అక్షరంతోనే మొదలవుతాయి. అంత దూరం పోవడం ఎందుకు? ఓరుగల్లు ఇంగ్లిషులో డబ్ల్యుతో మొదలై వరంగల్ అయింది కదా. కన్నడంలోనూ ఇదే అలవాటు ఉంది. కాబట్టి ‘వుక్కు’ అని విన్నవాడు డబ్ల్యుతో రాయడంలో వింత లేదు.

చివరనున్న ‘ట్జ్’ సంగతి

అసలు చిక్కు ఇక్కడే. ‘క్కు’ అనే ధ్వని ‘ట్స్’గా మారడానికి మామూలు ధ్వని సూత్రం ఏదీ లేదు. దీనికి రెండు రకాల సమాధానాలు ఉన్నాయి.

కన్ను చేసిన తప్పు అన్నది మొదటిది. భారతదేశంలో వాడుకలో ఉన్న ఇంగ్లిషు మాటల మీద హెన్రీ యూల్, ఎ.సి. బర్నెల్ 1886లో వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు, ఈ పదం రాతలోనో చదవడంలోనో జరిగిన పొరపాటు వల్ల పుట్టినట్టుందని అంటుంది. ఎవరో కన్నడ ‘ఉక్కు’ను ‘వూక్’ అని రాస్తే, చివరి ‘కె’ అక్షరాన్ని ‘టి, జెడ్’ అని చదివి ఉంటారన్నది వారి ఊహ. చేతిరాతలో ‘కె’ నిలువు గీతను ‘టి’గా, దాని కాళ్లను ‘జెడ్’గా పొరబడటం అసాధ్యమేమీ కాదు. తర్వాతి పెద్ద నిఘంటువులు కూడా దాదాపు ఈ వివరణనే అనుసరించాయి. పదం వ్యాప్తి ఒక్క వ్యాసం నుంచే మొదలైంది గనుక, ఒక్కసారి జరిగిన తప్పు అందరికీ పాకడం సాధ్యమే. అయితే ఈ వాదానికి ఒక షరతు ఉంది: స్కాట్ తన చేత్తోనే పలుమార్లు అలా రాసి ఉంటే, తప్పు చదివినవాడిది కాదు.

అప్పుడు మిగిలేది చెవి చేసిన తప్పు. దీనికి నాకు తోచే ఉదాహరణ ఉక్కుతో సంబంధం లేనిది. ఇంగ్లిషులో పెద్ద ఎలుక ఒకదాన్ని ‘బాండికూట్’ అంటారు. ఆ మాట మన ‘పందికొక్కు’ అని నిఘంటువులన్నీ ఒప్పుకుంటాయి. ఆ ఎలుకల ప్రజాతికి జంతుశాస్త్రంలో పెట్టిన ‘బాండికోటా’ అనే పేరు కూడా దాని నుంచే. పదాన్ని విడదీసి చూడండి: ‘పంది’ ‘బాండి’ అయింది, ‘కొక్కు’ ‘కూట్’ అయింది. చివరి ‘క్కు’ స్థానంలో ‘ట్’ వచ్చింది. మనం పొల్లుగా తేల్చి పలికే ‘క్కు’ ఇంగ్లిషు చెవికి ఒకసారి ‘ట్’గా వినిపించిందంటే మరోసారి వినిపించకూడదని లేదు. ఈ పోలికను ఎంతవరకు నమ్మాలో కూడా చెప్పాలి. బాండికూట్‌లో ఉన్నది ఉత్త ‘ట్’, వూట్జ్‌లో ఉన్నది ‘ట్స్’. ఒక్క ఉదాహరణతో సూత్రం కాదు. దారి మూసుకుపోలేదని మాత్రం ఇది చూపుతుంది.

మిగతా వాదాలకు ఎంత బలం

‘ఉక్కు’కు పోటీగా నిలిచినవాటిలో పాతది ‘ఉచ్చ’ వాదం. మద్రాసులో పనిచేసిన వైద్యుడు, విజ్ఞానకోశ కర్త ఎడ్వర్డ్ బాల్ఫర్ దీన్ని ముందుకు తెచ్చాడు. కన్నడ ప్రాంతాల్లో సరుకులో మేలురకాన్ని ‘ఉచ్చ’, నాసిరకాన్ని ‘నీచ’ అనేవారనీ, మేలురకం ఉక్కు గురించి చెప్పిన విశేషణాన్నే తెల్లవాళ్లు వస్తువు పేరుగా పొరబడ్డారనీ ఆయన భావన. యూల్, బర్నెల్‌లు దీన్ని ప్రస్తావించి, ‘ఉక్కు’ వైపే మొగ్గారు.

ఈ వాదాన్ని మరీ తేలిగ్గా తోసేయడం న్యాయం కాదు. తెలుగులో ‘చలి’, ‘చాలు’ అన్నప్పుడు పలికే దంత్య చకారం దాదాపు ‘త్స’లా ఉంటుంది, చుండూరు పేరును ఇంగ్లిషులో ‘టి, ఎస్’లతో మొదలుపెట్టి రాయడం అందుకే. మరాఠీలోనూ ఈ ధ్వని ఉంది: ఎత్తైనది అనే అర్థంలో వారి ‘ఉంచ్’ దాదాపు ‘ఉంత్స్’ అని వినిపిస్తుంది. బొంబాయిలో కూర్చున్న స్కాట్ చెవిలో ఈ మాట పడి ఉంటే ‘ట్జ్’ అని రాయడానికి చేతిరాత తప్పు అవసరమే లేదు. ఇంతవరకు వాదం బాగానే ఉంది. కానీ ‘ఉంత్స్’లోని సున్న ఎక్కడికి పోయిందో చెప్పాలి. పైగా ‘ఉచ్చ’ అనేది ఏ సరుకుకైనా వాడే మాట. అది బియ్యానికో బట్టకో అంటుకోకుండా ఒక్క ఉక్కుకే ఎందుకు అంటుకుందో కూడా చెప్పాలి.

‘ఉత్స’ వాదం కొత్తది. సంస్కృతంలో ‘ఉత్సం’ అంటే ఊట, నీటి బుగ్గ. వూట్జ్ ఆ పదానికి తప్పు లిప్యంతరీకరణ అని 2014లో ఒక భారతీయ లోహశాస్త్రవేత్త ప్రతిపాదించారు. ధ్వనిలో దీనికి మించిన దగ్గరి పదం లేదు. అర్థంలో మాత్రం చాలా దూరం నడవాలి. ఉక్కు గురించి మాట్లాడవలసి వచ్చినప్పుడు సంస్కృత రసశాస్త్ర గ్రంథాలు ముండ, తీక్ష్ణ, కాంత అని ఇనుము రకాలను చెప్పి, ఉక్కును తీక్ష్ణలోహమన్నాయి. కొలిమి దగ్గర పని చేసే కమ్మరికి ఆ గ్రంథాల భాషతో ఎంత పని ఉండేదో ఊహించుకోవచ్చు. ధ్వని ఒక్కటే కలిస్తే వ్యుత్పత్తి అయిపోదు. కోనసముద్రం ఉన్నది కమ్మర్‌పల్లి మండలంలో. ఆ పేరులో కమ్మరి కనిపిస్తున్నాడని సంబరపడటం ఎంత సులువో, ఆ పోలికనే సాక్ష్యంగా నిలబెట్టడం అంత కష్టం.

తమిళంలో నేడు ఉక్కుకు వాడే ‘ఎఃకు’ నుంచి వూట్జ్ వచ్చిందని కొందరంటారు. మొదటి అచ్చు దగ్గరే పోలిక తప్పిపోతుంది కాబట్టి దీని మీద ఎక్కువ సేపు ఆగనక్కరలేదు.

ఉక్కు అంటే కరిగినది

‘ఉక్కు’కు అసలు బలం వూట్జ్‌తో పోలికలో కంటే దాని సొంత చరిత్రలో ఉంది. తమిళంలో ‘ఉరుకు’ అంటే కరగడం. ‘ఉరుక్కు’ అంటే కరిగించడం, కరిగించిన లోహం, ఉక్కు. కన్నడంలో ఉక్కుకు ‘ఉర్కు’, ‘ఉక్కు’ రెండు రూపాలూ ఉన్నాయి. తెలుగులో ‘ఉక్కు’ మాత్రమే మిగిలింది. ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువు వీటన్నిటినీ ఒకే ధాతువు కింద చేర్చింది.

తమిళ పదంలోని ‘రు’ తెలుగులో లేకపోవడం మొదట అనుమానం కలిగించవచ్చు. అయితే ఇలా నడుమ రకారం జారిపోవడం కొత్తేమీ కాదు. తమిళ ‘మరుందు’ మనకు మందు. తమిళ ‘విరుందు’ మనకు విందు. అదే వరుసలో ‘ఉరుక్కు’ పక్కన ఉక్కును పెట్టి చూడవచ్చు.

ఇప్పుడు ముద్ద కమ్మరుల దగ్గరికి తిరిగి వస్తే పేరుకు, పనికి పొత్తు కుదురుతుంది. మామూలు ఇనుము కరగకుండా ముద్దగా వస్తుంది, ఇది ఒక్కటే మూసలో కరుగుతుంది. దీన్ని ‘కరిగినది’ అని పిలవడం కన్నా సహజమైన పేరు ఇంకేముంటుంది? కరగడానికి ‘కరుగు’ అనే వేరే క్రియ తెలుగులో స్థిరపడింది గనుక ఈ బంధం మన చెవికి తెలియకుండా పోయింది. తెలుగులోని ‘ఉరుకు’ పరుగెత్తడం. రూపం ఒకటేనని దాన్ని ఇక్కడికి ఈడ్చుకురాకూడదు. అర్థం మరుగున పడ్డాక ‘ఉక్కు’ గట్టిదనానికి గుర్తుగా నిలిచింది. కావ్యభాషలో ‘ఉక్కడగించు’ అంటే శక్తిని అణచడం, పత్రికల భాషలో ‘ఉక్కుపాదం’. కరగడమనే మాటతో మొదలైన పదం చివరికి కరగనిదానికి ఉపమానమైంది!

కన్నడమా, తెలుగా?

నిఘంటువులు కన్నడమని రాస్తాయి. మనవాళ్లు తెలుగని పట్టుబడతారు. రెండు భాషల్లోనూ పదం రూపం ఒకటే, అర్థం ఒకటే, ముందు పలికే వకారం ఛాయ కూడా ఒకటే. ఇంగ్లిషు పదంలో ఈ రెండింటిలో ఒకదాన్ని మాత్రమే పట్టిచ్చే గుర్తు ఒక్కటీ లేదు. కాబట్టి ధ్వనులను బట్టి తీర్పు చెప్పడం కుదరదు. బొంబాయికి వచ్చిన ఆ నమూనాలు ఏ ఊరి మూసలో కరిగాయో తెలిస్తే తప్ప భాష పేరు తేలదు. పియర్సన్ శీర్షికను నమ్ముకుంటే అవి బొంబాయివే అయి కూర్చుంటాయి! నిఘంటువులు కన్నడాన్ని ఎంచుకోవడం తప్పని చెప్పే ఆధారం లేదు. తెలుగును కాదనే ఆధారం వారి దగ్గరా లేదు. ‘తెలుగు–కన్నడ ఉక్కు’ అని రాయడం పిరికితనంలా కనిపించవచ్చు గానీ, దొరికిన సాక్ష్యానికి సరిపోయే మాట అదే.

కోనసముద్రానికి ఈ మాటతో పనేమిటి

పదం ఎటుపోయినా సరుకు విషయంలో ఉత్తర తెలంగాణకు లోటు లేదు. 1660లలో ఔరంగాబాద్ నుంచి గోల్కొండకు ప్రయాణించిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లేలు విరివిగా తయారై దేశమంతటా అమ్ముడుపోతున్నాయనీ, ఆ ఊరి దగ్గరి గనిలోనే ఇనుము తీస్తారనీ రాశాడు. గోల్కొండ రాజ్యపు ఉక్కు పారసీక దేశానికి పోతున్న సంగతిని అదే శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే చెప్పాడు.

కోనసముద్రం గురించి వివరంగా రాసింది హెన్రీ వాయ్సీ. దేశాన్ని కొలిచిన మహా త్రికోణమితి సర్వేలో లాంబ్టన్ కింద వైద్యుడిగా, భూగర్భశాస్త్రవేత్తగా పనిచేసి 1824లో చనిపోయాడు. ఆయన రాసిన వర్ణన 1832లో బెంగాల్ ఏసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ఇనుమును లెక్క ప్రకారం కలిపి మూసల్లో పెట్టడం, పారసీక వ్యాపారి ఒకరు ఇస్ఫహాన్ నుంచి వచ్చి దగ్గరుండి సరుకు చూసుకోవడం ఆయన కళ్లారా చూశాడు. 2010లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్ కలిసి ఉత్తర తెలంగాణ పల్లెల్లో చిట్టెం దిబ్బలను, కొలిముల ఆనవాళ్లను సర్వే చేశాయి.

ఈ సాక్ష్యాలన్నీ ఉక్కు గురించి మాట్లాడతాయి. వూట్జ్ అనే మాట గురించి ఒక్క ముక్క చెప్పవు. కమ్మరికి అది ఉక్కు, ఇస్ఫహాన్ వ్యాపారికి పులాద్. లండన్‌లో పరీక్షకు పెట్టుకున్నవారికే అది వూట్జ్. పేరు, వస్తువు వేర్వేరు దారులు పట్టడం వింతేమీ కాదు. పందికొక్కు పేరు ఇంగ్లిషువాళ్ల వెంట ఓడెక్కి ఆస్ట్రేలియా వెళ్లి, పందికొక్కుతో బంధుత్వమే లేని, కడుపు సంచిలో పిల్లల్ని మోసే మరో జంతువుకు స్థిరపడింది. ఆ జంతువును చూపించి పందికొక్కు ఆస్ట్రేలియాలో పుట్టిందని ఎవరూ అనరు. అలాగే వూట్జ్ మాట కన్నడమని తేలినంత మాత్రాన కోనసముద్రం మూసలు చల్లారిపోవు. తెలుగని తేలినా మైసూరు మూసల్లోని తంగేడు కట్టె అబద్ధం కాదు.

ఇక పత్రికల్లో రాసే ‘వూట్జ్ ఉక్కు’ సంగతి. ఉక్కు వాదమే సరైనదైతే దానికి అర్థం ‘ఉక్కు ఉక్కు’. పోర్చుగీసులో రొట్టె అనే అర్థమున్న మాటకు మన రొట్టెను చేర్చి ‘పావు రొట్టె’ అన్నట్టే ఇదీను. లోహశాస్త్రం చదువుకునే విద్యార్థికి మూసలో కరిగించిన ఈ ప్రత్యేక రకాన్ని నేటి కర్మాగారపు ఉక్కు నుంచి వేరు చేసి చెప్పడానికి ఒక పేరు కావాలి కాబట్టి, ఆ జంటపదాన్ని తప్పుపట్టలేం. ‘మూస ఉక్కు’ అంటే ఇంకా తేలిగ్గా తెలుస్తుంది. కోనసముద్రం కమ్మరికి కూడా ఆ రెండు మాటలూ అర్థమయ్యేవి.